ఊరెళ్ళి వచ్చేసరికి రెండు కిలోలు!

ఒకప్పుడు పెద్ద రైల్వే స్టేషన్లలో ప్లాట్‌ఫారం మీద బరువు చూసే యంత్రం ఒకటి ఉండేది. ఎక్కి నిలబడి నాణెం వేస్తే రంగుదీపాలు గిరగిరా తిరిగి, టక్కున ఒక అట్టముక్క బయటికి వచ్చేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఆ జాతకం మాట ఎలా ఉన్నా, ఊరెళ్ళేటప్పుడు ఒక అట్ట, తిరిగి వచ్చేటప్పుడు ఒక అట్ట తీసుకుని పక్కపక్కన పెట్టి చూసుకున్నవాళ్ళకు ఒక సంగతి మాత్రం తెలిసిపోయేది. వెళ్ళినప్పటి బరువు వేరు, వచ్చినప్పటి బరువు వేరు!

ఇప్పుడు ఆ యంత్రాలు చాలాచోట్ల కనబడవు. బరువు చూసుకునే మిషన్లు ఇళ్ళల్లోకే వచ్చేశాయి. ప్రశ్న మాత్రం మారలేదు. "డాక్టరు గారూ, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నోరు కట్టుకునే ఉంటాను. పెళ్ళికని అయిదు రోజులు వెళ్ళొచ్చాను, రెండు కిలోలు పెరిగాను. ఇంక ఎందుకండీ ఈ తిప్పలన్నీ?" అంటూ వేసవి సెలవులు అయిపోగానే నా దగ్గరికి వరసగా వస్తారు.

ఈ ప్రశ్నకు నేను చాలా ఏళ్ళు ఒకటే జవాబు చెబుతూ వచ్చాను. "ప్రయాణాల్లో అడ్డమైనవీ తినకండి" అని. చెప్పడానికి తేలిక, వినడానికీ బాగానే ఉంటుంది. ఆ జవాబు ఎంత అసంపూర్ణమైనదో నాకు తెలియజెప్పినవారు ఒక టీచరుగారు.

ఆవిడ రిటైరయిన లెక్కల టీచరు. వయసు 64. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. తొమ్మిదేళ్ళ నుంచి చక్కెర వ్యాధి ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ అనే మాత్ర కూడా వాడుతున్నారు. రోజూ నడిచి, అన్నం కొలతగా తిని, అయిదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. ఆ వయసులో అది మాటలు కాదు. అంతలో వాళ్ళ వదినగారితో కలిసి కాశీ ప్రయాణం కుదిరింది. సికింద్రాబాద్ నుంచి కాశీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ చాలవు. "తగ్గిన నాలుగు కిలోలూ మళ్ళీ మోసుకురాకండి టీచరుగారూ. రైల్లో అడ్డమైనవీ తినకండి" అని నవ్వుతూ చెప్పి పంపాను.

లెక్కల టీచరు కదా, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పొద్దున మాత్ర వేసుకుని, పంచదార లేని కాఫీ, ఒక అరటిపండుతో సరిపెట్టారు. మధ్యాహ్నం వదినగారు పూరీల డబ్బా విప్పితే, "నాకొద్దు వదినా, డాక్టరుగారు వద్దన్నారు" అన్నారట. బల్లార్షా దాటింది. నాగపూర్ ఇంకా రాలేదు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, గుండెదడ. మాట ముద్దగా వస్తోంది. వదినగారు ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్ళు చల్లి, కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఎదురు బెర్తులో ఉన్న ఒక పెద్దాయనకు కూడా ఇదే జబ్బు ఉండబట్టి సరిపోయింది. టీ అమ్మే కుర్రాణ్ణి పిలిచి, పంచదార అడిగి తీసుకుని, నీళ్ళల్లో కలిపి తాగించాడాయన. పావుగంటలో ఆవిడ తేరుకున్నారు.

తిరిగి వచ్చాక ఇదంతా ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఏం తినకూడదో చెప్పాను గానీ, ఏం తినాలో చెప్పలేదు. మాత్ర సంగతి గుర్తు చేయనే లేదు. తప్పు ఆవిడది కాదు, నాది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది వాటికి పట్టదు. ఇన్సులిన్ ఇంజెక్షనూ అంతే. భోజనం మానేసి ఇవి వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నవారికి ఈ భయం చాలా తక్కువ. మీది ఏ రకం మాత్రో, ప్రయాణంలో భోజనం వేళ తప్పితే ఏం చేయాలో, టికెట్టు కొన్నప్పుడే మీ డాక్టర్ని అడిగి తెలుసుకోండి. సొంతంగా మాత్ర మానేయడం, సగం చేయడం మాత్రం వద్దు.

ఆ చెమటలు, ఆ వణుకు కనిపిస్తే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక ఊరుకోకూడదు, అన్నమో చపాతీయో తప్పకుండా తినిపించాలి. ఎందుకంటే ఈ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అంచేత దగ్గరలో ఉన్న డాక్టరుకు చూపించడమే మంచిది. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే వైద్యసహాయం అందేలా చూడాలి. మందులు, ఒక చిన్న పొట్లం పంచదార ఎప్పుడూ చేతిసంచీలోనే ఉండాలి. బెర్తు కింద గొలుసేసి తాళం పెట్టిన పెట్టెలో ఉంటే ఏం లాభం?

మరి చక్కెర వ్యాధి లేనివాళ్ళు ప్రయాణంలో పస్తుంటే బరువు తగ్గుతారా? అబ్బే, అదీ లేదు. పగలంతా కడుపు మాడ్చుకున్నవాళ్ళు రాత్రి తొమ్మిదింటికి బస్సు ధాబా దగ్గర ఆగగానే ఏం తింటారో మీరే చూసి ఉంటారు. పస్తున్న మనిషికి ఇడ్లీ కనబడదు, పరోటా కనబడుతుంది. దానికి తోడు నిద్ర లేకపోవడం ఒకటి. రాత్రిళ్ళు నిద్ర చాలనప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. బస్సులో రాత్రంతా కునికిపాట్లు పడి దిగినవాళ్ళకు మర్నాడంతా ఏదో ఒకటి నమలాలనిపించడం వాళ్ళ బలహీనత కాదు, శరీర ధర్మం.

ఇక ఆ రెండు కిలోల లెక్క చూద్దాం. భయపడే ముందు ఇది తెలుసుకోవడం అవసరం.

ఒక కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. రెండు కిలోలకు 15,400. అయిదు రోజుల పెళ్ళిలో అంత చేరాలంటే, మీకు రోజూ కావలసిన తిండి కాక మరో 3,000 కేలరీలు తినాలి. ఎంత పెళ్ళి భోజనమైనా పూటపూటా అంత తినడం కష్టం! మరి మిషను చూపించిన రెండు కిలోలు ఏమిటి? చాలావరకు నీరు. అన్నం, స్వీట్లు మామూలుకన్నా ఎక్కువ తింటే పిండిపదార్థాలు గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిలవ ఉంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఊరగాయలు, అప్పడాలు, హోటలు కూరల్లోని ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. గంటల తరబడి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే పాదాలు వాస్తాయి. ఊరు మారితే చాలామందికి విరేచనం సాఫీగా కాదు. ఇవన్నీ కలిసి మిషను మీద బరువై కూర్చుంటాయి. ఇంటికొచ్చి మామూలు తిండిలో పడితే నాలుగైదు రోజుల నుంచి వారం లోపు ఇందులో చాలా భాగం పోతుంది.

కాబట్టి వచ్చిన రోజే మిషనెక్కి ఏడవకండి. వారం తర్వాత ఎక్కండి. అప్పుడు మిగిలినదే మీ అసలు పెరుగుదల. అది రెండు కిలోలు ఉండదు, పావుకిలోనో అరకిలోనో ఉంటుంది.

పావుకిలోయే కదా అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు సెలవుల్లో ప్రయాణాలు చేసిన 122 మంది పెద్దవాళ్ళ బరువులు చూసి 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒకటి నుంచి మూడు వారాల సెలవులో సగటున పెరిగింది 300 గ్రాములకు కాస్త పైన. ఇంటికి తిరిగొచ్చిన ఆరు వారాల తర్వాత చూసినా అది తగ్గలేదు. ఇక మన సంగతి చూడండి. సంక్రాంతికి అత్తవారిల్లు, వేసవిలో పిల్లలతో పుట్టిల్లు, శ్రావణంలో పెళ్ళిళ్ళు, దసరాకి ఇంకోటి, మధ్యలో తిరుపతి. ఒక్కో ప్రయాణానికి అరకిలో మిగిలినా ఏడాదికి రెండు కిలోలు దాటుతుంది. "పదేళ్ళ కిందట ఇలా ఉండేదాన్ని కాదండీ" అని పెళ్ళి ఫోటో చూపించేవాళ్ళలో కొందరి కథ ఇదే.

మరి ఏం తినాలి? మన అమ్మమ్మలు ప్రయాణానికి ఏం కట్టేవాళ్ళో గుర్తు చేసుకోండి. కారప్పొడీ నెయ్యీ రాసిన ఇడ్లీలు, పులిహోర, పెరుగన్నం. అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచాడు పెరుగు వేసి కట్టేవాళ్ళు. దారిలో అదే తోడుకుని, తినే వేళకు పుల్లబడకుండా కమ్మగా ఉండేది. తేలిగ్గా అరిగే తిండి, కడుపు నింపే తిండి. అయితే వేసవిలో ఆరేడు గంటలకు మించి దాన్ని నిలవ ఉంచకండి. మొదటి పూటకి పెరుగన్నం, రెండో పూటకి చపాతీలు, పొడికూర పెట్టుకుంటే సరి. పులిహోరలో నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి కొలతగా పెట్టుకోండి.

అసలు శత్రువు భోజనం కాదు. భోజనానికీ భోజనానికీ మధ్య కాలక్షేపానికి నోట్లో వేసుకునేది. రైలు కదిలిందో లేదో జంతికల డబ్బా మూత తీస్తారు. వంద గ్రాముల జంతికల్లో ఇంచుమించు 500 కేలరీలు ఉంటాయి. కబుర్లలో పడి నలుగురు కూర్చుంటే ఎవరెంత తిన్నారో ఎవరికీ తెలియదు. ఆ డబ్బా తీసుకెళ్ళవద్దని నేననను. పిల్లలు ఊరుకోరు, మీరూ ఊరుకోరు. డబ్బాలోంచి నేరుగా తినకండి, అంతే. ఒక కాగితంలో గుప్పెడు పోసుకుని, మూత పెట్టి, డబ్బాను పై బెర్తు మీదికి పంపండి. దానికి బదులు వేయించిన శనగలు ఉంటే ఇంకా మంచిది. గుప్పెడు, అంటే 30 గ్రాములు, తింటే 110 కేలరీలు. మాంసకృత్తులు ఆరు గ్రాములు వస్తాయి, ఆకలి కాసేపు ఆగుతుంది. జామకాయలు, కమలాలు, కీరదోస ముక్కలు సంచిలో పెట్టుకోవడం ఏమంత పని?

టీ సంగతి చాలామంది లెక్కలోకే తీసుకోరు. కప్పుకు రెండు చిన్న చెంచాల పంచదార అంటే సుమారు 10 గ్రాములు. స్టేషనుకొకటి చొప్పున ఎనిమిది కప్పులు తాగితే 80 గ్రాములు. పంచదార రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కూల్‌డ్రింకు అయితే మరీ ఘోరం, 300 మిల్లీలీటర్ల సీసాలోనే 30 గ్రాములు దాటుతుంది. దాహానికి నీళ్ళు, లేదా మజ్జిగ. ఇక్కడ ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. దారిలో బాత్‌రూముల అవస్థకు భయపడి పొద్దుటినుంచి నీళ్ళు ముట్టుకోరు. అలా చేస్తే తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. బస్సు ఆగే చోటికి అరగంట ముందు ఒక గ్లాసు, అక్కడ దిగి పని చూసుకున్నాక మరికొంచెం తాగండి. మంచి బాత్‌రూము ఉన్న చోటే బస్సు ఆపమని డ్రైవర్ని అడగడానికి మొహమాటం దేనికి?

హోటల్లో తినక తప్పనప్పుడు వేడివేడిగా, ఆవిరిమీద ఉడికినది అడగండి. ఇడ్లీ ఒక్కోటి 50, 60 కేలరీలు ఉంటుంది. పూరీ ఒక్కోటి ఇంచుమించు 100. నాలుగు ఇడ్లీలు తింటే కడుపు నిండుతుంది, నాలుగు పూరీలు తింటే "ఇంకో రెండు వెయ్యవయ్యా" అంటాం. పైగా వేడిది తింటే కడుపు చెడే భయమూ తక్కువే. ఇప్పుడు రైల్లో ఫోనులో ఆర్డరు పెడితే భోజనం సీటు దగ్గరికే వస్తోంది కాబట్టి, మాత్రలు వేసుకునేవారు వేళ తప్పించుకోవలసిన పని లేదు.

ప్రయాణం ముగిసి చుట్టాలింటికి చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. "మా ఇంట్లో ఇంతేనా తినడం? వంట నచ్చలేదా ఏమిటి అన్నయ్యగారూ?" అంటే ఎవరు మాత్రం కాదనగలరు? ఆ మాట ప్రేమతో అన్నది. దానికి డాక్టరు పేరు చెప్పి, జబ్బులు ఏకరువు పెట్టి, వడ్డించే మనిషి మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం ఉండదు. మన భోజనంలోనే ఒక ఉపాయం ఉంది. పప్పు, కూర, పులుసు, చారు, ఆఖరున పెరుగు. ఈ వరసను ఎవరూ వెనక్కి తిప్పరు. కూర, పప్పు మొదటే ధారాళంగా వేయించుకోండి, మెచ్చుకోండి. రెండోసారి అన్నం గిన్నె వస్తుండగా, "పెరుగులోకి వచ్చేశానండీ" అనండి. ఇక ఆ తల్లి బలవంతం చేయదు, మజ్జిగ మిరపకాయ కోసం లోపలికి వెళుతుంది. అన్నం తగ్గుతుంది, మర్యాదా నిలుస్తుంది. స్వీటు ఒకటి తినండి. కాజానో పూతరేకో మీకు ఇష్టమైనది ఒక్కటి, కూర్చుని, రుచి చూస్తూ తినండి. కట్టి ఇచ్చిన పొట్లం మాత్రం ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోకండి. వచ్చిన రోజే ఇరుగుపొరుగుకు పంచండి.

తిరుపతి నడిచి వెళ్ళేవారిది ఇంకో రకం లెక్క. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కడం మంచి వ్యాయామమే. కాకపోతే "అంత నడిచాం కదా" అని కొండమీద రెండింతలు తినేవాళ్ళే ఎక్కువ. మామూలుగా గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది 200 నుంచి 250 కేలరీలు. రెండు పూరీలతో అది పోయింది! ప్రసాదం కళ్ళకద్దుకుని చిటికెడు తినండి, లడ్డు మొత్తం ఒక్కరే తింటే ఒక పూట భోజనానికి దగ్గర పడుతుంది. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, ఇందాక చెప్పిన మాత్రలు వాడేవారు డాక్టర్ని అడక్కుండా మెట్లెక్కే మొక్కు మొక్కుకోకండి.

ఉద్యోగరీత్యా నెలకు ఇరవై రోజులు తిరిగేవాళ్ళు ఉన్నారు. మెడికల్ రిప్రజెంటేటివులు, సేల్స్ వాళ్ళు, లారీ డ్రైవర్లు. వీళ్ళకు పండగ తిండి సూత్రాలు పనికిరావు, ఎందుకంటే వీళ్ళకు ప్రయాణమే ఇల్లు. వీళ్ళకు నేను చెప్పేది రెండే. పొద్దుటి టిఫిను మానవద్దు, రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటనివ్వవద్దు. లాడ్జిలో సాయంత్రం టీవీ ముందు కూర్చోకుండా ఆ ఊరి బజారు ఒక అరగంట చుట్టి రండి. ఊరూ తెలుస్తుంది, నిద్రా పడుతుంది. మందు అలవాటున్నవారికి చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 140 కేలరీలు ఉంటాయి, పక్కన ప్లేటులో పెట్టుకునే వేరుశనగలు, పకోడీలు కాక. బరువు మిషను వెంట ఉండదు కాబట్టి బెల్టు రంధ్రం చూసుకోండి, అది అబద్ధం చెప్పదు. మన దేశంలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు లెక్క కట్టారు.

ఇంటికొచ్చిన మర్నాడు ఉపవాసం చేయకండి. పెట్టె సర్దుకోకపోయినా ఫరవాలేదు గానీ, పొద్దున్నే నడక మొదలుపెట్టండి. ప్రయాణ బడలిక పేరుతో వారం, దుకాణానికి వెళ్ళలేదన్న పేరుతో ఇంకో వారం హోటలు నుంచి తెప్పించుకోవడం, ఆ రెండు వారాల్లోనే పావుకిలో ఒంటికి అతుక్కుంటుంది. ఊరెళ్ళే ముందే బియ్యం, పప్పు, నాలుగు ఉల్లిపాయలు ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకు వెళ్ళండి.

టీచరుగారు వచ్చే నెల శ్రీశైలం వెళుతున్నారు. ఈసారి నేను నోటిమాటతో పంపలేదు. చీటీ మీద రాసి ఇచ్చాను. పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ మూడు, ఆ తర్వాతే మాత్ర. పదకొండున్నరకు జామకాయ. ఒంటిగంటకు పెరుగన్నం, అడిగినవాళ్ళతో సహా తినాలి. చేతిసంచీలో పంచదార పొట్లం. ఆవిడ ఆ చీటీ చదువుకుని, కళ్ళజోడు సవరించుకుని, పెన్ను అడిగి తీసుకుని, కింద తన గుండ్రటి చేతిరాతతో ఇంకో ముక్క రాసుకున్నారు. "పంచదార పొట్లం ఎక్కడుందో వదినకు చూపించాలి."